కమలాబాయి మిషన్‌లో నాలుగో గిన్నె

ఆర్మూర్‌లో టైపు నేర్చుకున్నవాళ్ళను ఏ ఊళ్ళోనైనా గుర్తుపట్టొచ్చు. కుర్చీలో నిటారుగా కూర్చుంటారు. టైపు కొట్టేటప్పుడు వేళ్ళవైపు చూడరు. మధ్యమధ్యన తుమ్ముతారు. మొదటి రెండు గుణాలూ కమలాబాయి నేర్పినవి. మూడోది ఆమె గది కింద ఉన్న పసుపు నేర్పింది.

కింద ఆమె మరిది కాశీనాథ్ అడ్తి దుకాణం. రైతు తెచ్చిన పసుపును బేపారులకు అమ్మిపెట్టి తన కమీషన్ తాను తీసుకునే దుకాణాన్ని మా దిక్కు అడ్తి అంటారు. పైన కమలాబాయి టైపు ఇన్‌స్టిట్యూట్. కింద బస్తా విప్పి కొమ్ములు కుప్పపోసినప్పుడల్లా దుమ్ము లేచి, మెట్లెక్కి, ఎవరినీ అడక్కుండా లోపలికొచ్చి కూర్చునేది. టైపు మిషన్ల సుత్తులన్నీ పెళ్ళికూతురి పాదాల్లా ఉండేవి. పరీక్షకు ఇక్కడినుంచి పోయిన కాగితాలను పట్నంలో దిద్దేవాళ్ళు, పేరు చూడకుండానే ఇవి ఆర్మూర్‌వి అని పక్కన పెట్టేవాళ్ళట. ఈ మాట కమలాబాయే చెప్పింది. ఆమె చెప్పినవాటిలో సగం నమ్ముతాను. ఇది ఆ సగంలోది.

నేను ఎక్కడా ఒక ఋతువు పూర్తిగా నిలిచిన మనిషిని కాను. కాశీ గల్లీల్లో తిరిగాను, పాత పుస్తకాల కోసం మఠాల అటకలెక్కాను, పని లేకపోతే రైలు ఎటు పోతే అటు పోయాను. కాని మాఘమాసం రాగానే కాళ్ళు వాటంతటవే ఆర్మూర్ బస్సెక్కేవి. సత్రంలో సంచీ పడేసి, పొద్దుగూకే వేళకు ఆమె వరండాలో తేలేవాణ్ణి. ఆమెకు నేను తిరిగిన ఊళ్ళ ముచ్చట్లు కావాలి, నాకు చాయ్ కావాలి. ఇద్దరికీ గిట్టుబాటే.

ఆమె బోధన్ పిల్ల. కాశీనాథ్ అన్నకు ఇచ్చి చేశారు. సాంగ్లీ బేపారులకు ఉత్తరాలు రాయడానికని ఆయన ఒక పాత టైపు మిషన్ కొన్నాడు. కొన్నాడే గాని ఆయన వేళ్ళు దానికి పనికిరాలేదు. పసుపు కొమ్ముల్లాంటి వేళ్ళు, ఒక అక్షరం నొక్కితే మూడు పడేవి. దాంతో వంటింట్లోంచి కొత్తకోడలు వచ్చి కూర్చుంది. ఆయన చిన్న వయసులోనే పోయాడు. మిషన్ మిగిలింది. ఆమె మామగారి ముందు నిలబడి పైగది అడిగింది. ఆయన పాతకాలపు మనిషి, అయినా కాదనలేదు. బడి నడిచినన్నాళ్ళు గది నీదే అన్నాడు. ఆ మాటలో కొక్కెం ఎక్కడుందో మీకు తెలిసే ఉంటుంది. ఆయన పోయాక గది కాశీనాథ్ వాటాకు వచ్చింది, ఆ కొక్కెంతో సహా.

కాశీనాథ్ చెడ్డవాడు కాడు. వదినెను గదిలోంచి వెళ్ళమనే ధైర్యం ఆయనకు లేదు, ఊరు ఏమనుకుంటుందోనని భయం. అందుకని ఆయన చెప్పాల్సిన మాట బస్తాలతో చెప్పించేవాడు. మొదట మెట్ల కింద రెండు బస్తాలు కనబడ్డాయి. మరుసటేడు అవి కింది మెట్ల మీద ఉన్నాయి. ఊరి పక్క గుట్ట చూశారా, బండ మీద బండ ఎవరో పేర్చినట్టే ఉంటుంది, పేర్చినవాణ్ణి మాత్రం ఎవరూ చూళ్ళేదు. ఈ బస్తాలూ అంతే. ఎవరు ఎక్కించారో తెలియదు, ఏటేటా ఒక్కో మెట్టు పైకి వస్తున్నాయి. టైపుకొచ్చే పిల్లలు ఒక పక్కకు ఒదిగి ఎక్కడం నేర్చుకున్నారు. కొందరు అది కూడా పాఠంలో భాగమే అనుకున్నారు.

ఎనభైలలో ఆమెకు ఫికర్ లేదు. సర్కారీ నౌకరీ కావాలంటే టైపు సర్టిఫికెట్ కావాలి. పొద్దున చీకటితో మొదలై లైట్లు వేసేదాకా టకటక ఆగేది కాదు. ఆమె స్కేలుతో బల్లమీద తాళం వేస్తూ గదంతా తిరిగేది. అక్షరం తప్పితే క్షమించేది, కామా తప్పితే కాదు. కుడిచేతి మధ్యవేలు ఉన్నదే కామా కోసమన్నట్టు చెప్పేది. పేరు పక్కన పేరు వస్తే నడుమ కామా పడాల్సిందే. ఆమె దగ్గర చదివిన పిల్లలు ఇంటికి కూరగాయలు రాసుకున్నా వంకాయ, బెండకాయ అని నడుమ కామా పెట్టేవాళ్ళని వాళ్ళ తల్లులు చెప్పుకునేవారు.

తొంభైలు వచ్చాయి. ఎదురుగా అద్దాల తలుపుతో కంప్యూటర్ సెంటర్ పెట్టారు. చెప్పులు బయట విప్పి లోపలికి పోవాలట. చెప్పులు విప్పే చోటికి మన జనం భక్తితో పోతారు. పిల్లలంతా అటు మళ్ళారు. కమలాబాయి గదిలో టకటక పల్చబడి, చివరికి ఇద్దరు ముగ్గురు మిగిలారు. బస్తాలు మెట్ల మలుపు దాటాయి.

అప్పుడామె నాలుగు టైపు మిషన్లు అమ్మేసి పట్నం నుంచి ఒక వాడిన కంప్యూటర్ తెప్పించింది. దానితోపాటు మూలలు చినిగిన జిరాక్సు పుస్తకం ఒకటి వచ్చింది, బేసిక్ అనే భాషలో ప్రోగ్రాములు రాయడం ఎట్లాగో అందులో ఉంది. దుమ్ము పడకుండా మిషన్‌కు తన పాత పట్టుచీరతో గలేబు కుట్టింది. ఊళ్ళో నేసిన చీరే, జరీ అంచు. ముసుగులో ఆ కంప్యూటర్ పేరంటానికి వచ్చిన ముత్తైదువలా కూర్చునేది.

పుస్తకంలో ఉన్న ప్రోగ్రాములన్నీ ఆమె మొదటి నుంచి చివరిదాకా టైపు పాఠాల్లాగా కొట్టింది. ఒక్క తప్పు లేదు. కాబట్టి అన్నీ మొదటిసారే నడిచాయి. ఇక్కడే ఆమెకొక నమ్మకం కుదిరింది. టైపులో తప్పు లేకపోతే ప్రోగ్రాంలో తప్పుండదని. ఎదురు సెంటర్ పిల్లలు గంటలు గంటలు తలలు పట్టుకుని కూర్చునేది చేతివేళ్ళ మీద అదుపు లేకేనని ఆమె అభిప్రాయం.

ఒక సాయంత్రం ఆ విద్య ఏమిటో చెప్పమన్నాను. ఆమె లోపలికి పోయి మూడు గిన్నెలు, ఒక చెంచా తెచ్చి నా ముందు పెట్టింది. ఫైలంటే పేర్ల దండ, మధ్యన కామాలు. మిషన్ చెంచాతో కామా వచ్చేదాకా తీసి మొదటి గిన్నెలో పోస్తుంది, అది పేరు. మళ్ళీ కామాదాకా తీసి రెండో గిన్నెలో పోస్తుంది, అది తండ్రి. మూడోది ఊరు. మూడు గిన్నెలూ నిండగానే ఒక వాక్యం అచ్చువేసి, గిన్నెలు కడిగి మళ్ళీ మొదలు. పోసేది జీలకర్రా ఆవాలా అని మిషన్ చూస్తుందా అని అడిగాను. మిషన్‌కు కళ్ళెక్కడివని నన్నే గదమాయించింది.

నాకు తాటాకులు గుర్తొచ్చాయి. తాటాకు మీద రాసినవాడు మాటకూ మాటకూ నడుమ జాగా వదలడు, కామా పెట్టడు. ఎక్కడ విరవాలో చదివేవాడి ఊపిరికి తెలియాలి. ఒక మఠంలో నేనూ ఒక ముసలాయనా ఒకే పద్యాన్ని రెండు చోట్ల విరిచి, రెండు అర్థాలు తీసి, మాటలు మానేసుకున్నాం. ఊపిరితో చేసే పనిని ఈమె చెంచాకు అప్పజెప్పింది. మంచిదే, చెంచాకు అలగడం రాదు.

ఇక అసలు సంగతి. ఆర్మూర్‌లో కొత్త పసుపు అమ్మకం మొదలయ్యే రోజు అడ్తిదార్ల సంఘం పండుగ చేస్తుంది. పూజ, భోజనాలు, వాటికంటే ముఖ్యమైనది రుమాలు కట్టుడు. వేదిక మీద నిలబడి ఒక్కో రైతును పేరుతో, తండ్రి పేరుతో, ఊరితో మైకులో పిలుస్తారు. రైతు వస్తాడు, తలకు పసుప్పచ్చ రుమాలు కడతారు. రుమాలు ఖరీదెంతన్నది ఎవరికీ పట్టదు, తండ్రి పేరు మైకులో వినబడిందా లేదా అన్నదే పట్టింపు. ఒకసారి గుమాస్తా ఒకాయన తండ్రి పేరు మింగేస్తే, ఆ రైతు రుమాలు విప్పి కుర్చీ మీద పెట్టి, పసుపు బండ్లన్నీ నిజామాబాదుకు తోలుకుపోయాడు. ఆ తర్వాత గుమాస్తాలెవరూ ఆ జాబితా ముట్టలేదు.

కాశీనాథ్ ఆ సంఘానికి కార్యదర్శి. వదినె గడపలో నిలబడి, పిల్లలే లేనప్పుడు బడెక్కడిది, ఈ సీజను నుంచి గదిని గోదాం చేస్తానని మొదటిసారి నోటితో అన్నాడు. ఆమె కదల్లేదు. ఈయేటి రుమాళ్ళ జాబితా నా మిషన్ అచ్చు వేస్తుంది అంది. ఒక్క తండ్రి పేరూ తప్పకుండా వస్తే నేనున్నన్నాళ్ళు గది నాది, తప్పితే బస్తాలు నేనే దగ్గరుండి లోపల పెట్టిస్తా అంది. జాబితా భారం ఎవరైనా ఎత్తుకుంటే చాలుననుకున్న కాశీనాథ్ సరేనన్నాడు.

మిగిలిన శిష్యులను ఆమె ఊళ్ళమీదికి పంపింది. ముప్కాల్, మాక్లూర్, నవీపేట్ తిరిగి వాళ్ళు పేర్లు రాసుకొచ్చి ఫైల్లోకి ఎక్కించారు. పేరు, కామా, తండ్రి, కామా, ఊరు. గురువు చెప్పిన కామా ఒక్కటి తప్పలేదు.

మా దిక్కు ఇల్లుటం అని ఒక ఆచారముంది. మగపిల్లలు లేని ఇంట్లో అల్లుణ్ణి తెచ్చుకుని కొడుకులా ఉంచుకుంటారు. ఆ అల్లుడు కన్నతండ్రిని విడిచిపెట్టడు, పొలమిచ్చిన మామనూ విడిచిపెట్టడు. నలుగురిలో తండ్రి పేరు చెప్పాలంటే ఇద్దరినీ చెబుతాడు, ముందు కన్నాయన, తర్వాత మామ. ఒకరిని వదిలితే ఒక ఇల్లు అలుగుతుంది. ముప్కాల్‌లో హన్మండ్లు అట్లాంటివాడు. తండ్రి చిన్నన్న, మామ దేవన్న. శిష్యుడు రాసుకొచ్చాడు: హన్మండ్లు, చిన్నన్న, దేవన్న, ముప్కాల్. రెండు పేర్ల మధ్య కామా పెట్టకుండా ఉంటే వాడు కమలాబాయి శిష్యుడే కాదు.

గిన్నెలు మూడు. హన్మండ్లు నాలుగు తెచ్చాడు.

అచ్చు వేసిన కాగితాల మోపును కమలాబాయి పరీక్షలు దిద్దేవాళ్ళ పద్ధతిలో సరిచూసింది. ఆ పద్ధతిలో మొదటి కాగితం చూస్తారు, చివరి కాగితం చూస్తారు. మొదట్లో మనిషి ఒళ్ళు దగ్గర పెట్టుకుంటాడు, చివర్లో అలిసిపోతాడు. ఆ రెండూ బాగుంటే నడుమ బాగున్నట్టే. మొదటి కాగితం అద్దంలా ఉంది. చివరి కాగితంలో అడ్తిదార్ల పేర్లు, అన్నిటికంటే పైన ఆమె మరిది, తండ్రి పేరుతో, ఊరితో, మచ్చ లేకుండా. ఆమె కాగితాలకు దారం కట్టి నా చేతికిచ్చింది. గొంతు పెద్దదని ఆ ఏడు చదివే పని నాకు అంటగట్టారు.

మార్కెట్ యార్డులో షామియానా వేశారు. వేదిక మీద సంఘం అధ్యక్షుడు రామకిష్టయ్య సేటు, పక్కన కాశీనాథ్, రుమాళ్ళ గంపతో మనుషులు. ఆడవాళ్ళు ఎడమ పక్క. కమలాబాయి ముందు వరసలో, కొత్త చీరలో, పరీక్ష ఫలితాల రోజు హెడ్మాస్టరులా కూర్చుంది. నేను మొదలుపెట్టాను. ఫలానా గ్రామం, ఫలానా కొడుకు, ఫలానా. పిలిచినవాడు లేవడం, రుమాలు పడడం. నీళ్ళు పారినట్టు పోతోంది. కాశీనాథ్ ముఖంలో సంతోషమూ, గది పోయిందన్న దుఃఖమూ రెండూ కనబడుతున్నాయి.

అప్పుడు చదివాను. దేవన్న గ్రామం, చిన్నన్న కొడుకు, హన్మండ్లు.

హన్మండ్లు లేచాడు గాని, మా మామ ఊరెప్పుడైండని పక్కవాళ్ళను అడుగుతూ వచ్చాడు. సర్లే, బాగా బలిసిన మనిషే కదా అన్నారెవరో. నేను తర్వాతది చదివాను. గంగారాం గ్రామం, ముత్తెన్న కొడుకు, ముప్కాల్.

షామియానా అంతా ఒక్క క్షణం ఆలోచనలో పడింది. మాక్లూర్ ముత్తెన్న అప్పటికింకా పెళ్ళికాని కుర్రాడు. అతనికి ముప్కాలంత కొడుకు పుట్టాడు. వాళ్ళ నాయిన గంగారాం పక్కనే ఉన్నాడు, తాను గ్రామమైనందుకు సర్దుకుని కూర్చున్నాడు. నేను ఆగబోయాను. కాశీనాథ్ నా చెవి దగ్గరికొచ్చి గొణిగాడు.

"ఆగకు సామీ. ఆగితెనే తప్పని తెలుస్తది. చదువుకుంట పో."

చదువుకుంటూ పోయాను. పోశెట్టి గ్రామం, ఎర్రన్న కొడుకు, మాక్లూర్. ఊళ్ళన్నీ మనుషులయ్యాయి, మనుషులంతా తమకు తామే తండ్రులయ్యారు. కాని మన రైతుల తెలివి చూడండి. రెండు మూడు పిలుపులకే కిటుకు పట్టేశారు. తన పేరు కొడుకు దగ్గర రాకపోతే తండ్రి దగ్గర వస్తుందని తెలుసుకుని, వినబడగానే లేచి వచ్చి రుమాలు కట్టించుకుని పోతున్నారు. మాట్లాడకుండా తలవంచి, ముసిముసి నవ్వుతో.

ఇంతలో నవీపేట్ వాళ్ళ పేర్లు వచ్చాయి. వాళ్ళలో ఇంకొక ఇల్లుటం అల్లుడున్నాడు. ఆయన కూడా నాలుగు తెచ్చాడు. దాంతో జరిగిన పేర్లు ఇంకో అడుగు జరిగాయి. ఇప్పుడు మనుషులు ఊళ్ళయ్యారు, పిలవాల్సిన చోట వాళ్ళ తండ్రులొచ్చారు. సాయిలు గ్రామం, నవీపేట్ కొడుకు, నర్సన్న అని చదివితే వెనక నుంచి ఒకాయన చేతులు జోడించి లేచాడు. నర్సన్న మా నాయిన, పోయి మస్తు దినాలాయె, రుమాలు నాకు కట్టినా ఆయనకు ముడుతది అన్నాడు. ఆ తర్వాత నేను పిలిచిన వాళ్ళలో ఎక్కువమంది అప్పటికే స్వర్గస్థులు. కాశీలో పండాలనే పురోహితులు ఏడు తరాల పెద్దలను పేరుపేరునా పిలిచి పిండాలు పెట్టించడం చూశాను. మైకు పెట్టి పిలవడం ఆర్మూర్‌లోనే చూశాను. పడిపడి నవ్వుతున్నారు జనం. ఒక ముసలాయన మాత్రం నవ్వలేదు. ఆయన పెద్దమనిషి తరహాలో, పోయినోళ్ళకు రుమాలు కట్టినందుకు సంఘాన్ని మెచ్చుకున్నాడు.

కాశీనాథ్ ముఖం ఎండబెట్టిన పసుపులా ముడుచుకుపోయింది. గెలిచాడు గాని ఇట్లా గెలవాలనుకోలేదు. ఎడమ పక్క కమలాబాయి వేళ్ళు ఒళ్ళో కదులుతున్నాయి. పేరు, తండ్రి, ఊరు అని లెక్క కడుతోంది. హఠాత్తుగా కుడిచేతి మధ్యవేలు ఆగింది. ఆమె లేచి, మనుషులను తప్పించుకుంటూ వేదికవైపు వచ్చింది.

ఆమె వచ్చేలోపు నేను రెండు పిలుపులు పిలిచేశాను. రామకిష్టయ్య గ్రామం అని మొదటిది. అధ్యక్షుడే ఊరైపోయాడు, వేదిక మీద దండ వేసుకుని కూర్చున్న ఊరు. రెండోది చదివాక మైకు పక్కకు తిప్పి దగ్గాను. ఆర్మూర్ గ్రామం, గంగాధర్ కొడుకు, విఠోబా.

రామకిష్టయ్య సేటు కూడా ఇల్లుటమే. ఎక్కడో మరాఠ్వాడా పల్లె నుంచి ఇక్కడి గంగాధర్ సేటు ఇంటికి అల్లుడై వచ్చి, ఆ అడ్తి నడిపి, ఊరికే పెద్దయ్యాడు. విఠోబా ఆయన కన్నతండ్రి. ఆ కన్నతండ్రిని నేను మైకులో ఆయన మామకు కొడుకును చేసి పడేశాను. నవ్వులు టక్కున ఆగిపోయాయి. సేటు మామ ఎంత గట్టి మనిషంటే ఆ ఇంట్లో విఠోబా పేరు ఎత్తనిచ్చేవాడు కాడని, సేటును ఏటా గంగాధర్ పేరుతోనే పిలిచేవారని ఊరందరికీ తెలుసు. శిష్యుడు వచ్చి అడిగితేనే ఈసారి రెండు పేర్లూ రాయించాడు.

సరిగ్గా అప్పుడు కమలాబాయి వేదికెక్కి, నా చేతిలోని కాగితాల మీద అరచెయ్యి పెట్టింది.

"ఇగ చదువు," అంది.

చదివాను. ఆర్మూర్ గ్రామం, ఫలానా వారి కొడుకు, కాశీనాథ్. అక్షరం పొల్లుపోలేదు. ఆ తర్వాతదీ సరిగ్గా ఉంది. అక్కడినుంచి చివరిదాకా అన్నీ సరిగ్గా ఉన్నాయి. జనం చప్పట్లు కొట్టారు. కమలాబాయి చెయ్యి పెట్టగానే మిషన్ దారికొచ్చిందని ఇవాళ్టికీ ముప్కాల్‌లో చెప్పుకుంటారు. ఆమె మాత్రం నా చెవిలో అసలు మాట చెప్పింది. ఒక అల్లుడు వస్తే ఒక గిన్నె జరిగింది, ఇంకొకడు వస్తే రెండు జరిగాయి, మూడో అల్లుడు రాగానే చక్రం తిరిగి మొదటికొచ్చింది. ఆమె చెయ్యి పెట్టకపోయినా సరయ్యేదే. మూడు తప్పులు కలిసి చివరి కాగితాన్ని ఒప్పు చేశాయి, ఆమె ఆ చివరి కాగితమే చూసింది.

రామకిష్టయ్య సేటు ఆమెను దగ్గరికి పిలిచాడు. కాశీనాథ్ కూడా వెనకే వచ్చి నిలబడ్డాడు, గది తాళంచెవి ఇప్పుడే అడగాలా రేపు అడగాలా అన్నట్టు.

"కమలాబాయమ్మా, మా నాయినను మా మామకు కొడుకును జేసినవు గదా," అన్నాడు సేటు.

"నేను జెయ్యలే సేట్ సాబ్. అందరు ముగ్గురొస్తె మీరు నలుగురొచ్చిండ్రు. నా కాడ ముగ్గురికే గిన్నెలున్నయి."

సేటు గంపలోంచి ఒక రుమాలు తీసి చేతిలో పట్టుకున్నాడు. తర్వాత అన్నాడు.

"నేను గీ ఊరికొచ్చినకాంచి మా నాయిన పేరు మైకుల వినుడు ఇదే మొదలు. కొడుకైతేంది, పేరైతె వినబడ్డది. వచ్చే ఏటికి నాలుగో గిన్నె పెట్టు. ఇల్లుటం వచ్చినోళ్ళందరికి పెట్టు."

అక్కడితో సంఘం పని ఆమెకు ఖాయమైంది. కాని గది సంగతి సంఘానిది కాదు. గది కాశీనాథ్‌ది. పందెం మాట ప్రకారం తండ్రి పేర్లు తప్పాయి. తప్పలేదు, అన్నీ వినబడ్డాయి, చోట్లే మారాయి అని ఊళ్ళో సగం మంది వాదించారు. హోటళ్ళలో చాయ్‌లు చల్లారిపోయాయి. కమలాబాయి మాత్రం వాదించలేదు. తప్పిందనే ఒప్పుకుంది. బస్తాలు తెప్పించుకో, కాని నాలుగో గిన్నె కుదిరేదాకా ఆగు, సేటుకు మాటిచ్చిన అంది. తెల్లారేసరికి బస్తాలు ఆఖరి మెట్టెక్కి, ఆమె తలుపుకు ఆనుకుని, లోపలికి రమ్మంటే వచ్చేసేటట్టు నిలబడ్డాయి. తలుపు సగమే తెరుచుకునేది. మిగిలిన శిష్యులు సన్నగా ఉండబట్టి చదువు ఆగలేదు. నేను బయటే నిలబడి చాయ్ అందుకునేవాణ్ణి.

ఆమె పుస్తకం ముందేసుకుని ప్రోగ్రాం విప్పింది. నాలుగో గిన్నె పెట్టడం తేలికే. చిక్కు ఏమిటంటే ఇల్లుటం కానివాళ్ళు మూడే తెస్తారు, అప్పుడు గిన్నె ఖాళీగా ఉండి, పక్కవాడి సొత్తు అందులో పడుతుంది. చివరికి మామ లేనిచోట కూడా ఒక కామా పెట్టించింది. ఏమీ లేకపోయినా జాగా ఉన్నట్టు చెప్పే కామా. లేనివాళ్ళకు కూడా విస్తరి వేసి పెట్టినట్టు అని నేనంటే, ఎక్కువ తిరిగినోళ్ళకు అన్నీ భోజనాల్లాగే కనిపిస్తాయి అంది.

మొత్తానికి గిన్నె కుదిరింది. ఇక గది ఖాళీ చెయ్యాలి. ఆమె కంప్యూటర్‌కు ముసుగేసి, టైపు మిషన్లకు గుడ్డలు చుట్టడం మొదలుపెట్టింది. ఆ సాయంత్రం నేను మెట్ల మలుపులో కూర్చుని ఉన్నాను. కింద నుంచి కాశీనాథ్ వచ్చాడు. పైదాకా ఎక్కాడు, బస్తాల దగ్గర ఆగిపోయాడు. ఆయన ఒళ్ళు ఆ సందులో పట్టేది కాదు. తన బస్తాల మీదుగా మెడ చాచి లోపలికి పిలవాల్సి వచ్చింది.

సంగతేమిటంటే, రుమాలు కట్టుడు నాడు ఇల్లుటం వాళ్ళకు మామల పేర్లు కూడా చదవాలని సేటు అన్న మాట ఇళ్ళలోకి పోయింది. కాశీనాథ్ భార్య విద్యావతి అది విన్నది. ఆమె తండ్రి కిషన్ సేటు మెట్‌పల్లిలో చదువుకున్న పెద్దమనిషి. ఇల్లుటం పోతేనే మామ గుర్తొస్తాడా, పోకపోతే పిల్లనిచ్చినోడు లెక్కలోకి రాడా అని ఆమె అడిగింది. అడిగి, ఊరుకుంది. ఆ ఊరుకోవడం నాలుగు పూటలు సాగింది. కాశీనాథ్ హోటల్ ఇడ్లీల మీద బతికాడు.

"వదినె, గా నాలుగో గిన్నెల మా మామను గూడ ఏస్తవా?" అన్నాడు బస్తాల అవతలి నుంచి.

"ఎయ్యొచ్చు. జర లోపటికొచ్చి పేరు రాసియ్యి," అంది ఆమె, గుడ్డ చుట్టడం ఆపకుండా.

ఆయన ఒక భుజం పెట్టి చూశాడు. రెండో భుజం పెట్టి చూశాడు. పొట్ట పెట్టలేకపోయాడు. కాసేపు ఆ బస్తాలను ఎవరో తెచ్చి పెట్టినట్టు చూసి, కిందికి వంగి హమాలీలను కేకేశాడు. వాళ్ళు వచ్చి ఎన్ని దించాలని అడిగారు. పైనుంచి వదినె ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడం ఎట్లా ఉంటుందో కాశీనాథ్‌కు ఆ వారమే బాగా తెలిసివచ్చింది. అన్నీ దించమన్నాడు.

లోపలికి వచ్చి కాగితం మీద పేరు రాశాడు. కమలాబాయి చూసి కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూసింది. కిషన్ సేట్, బి.కాం., ఎల్.ఎల్.బి. అని ఉంది.

"గీ డిగ్రీలు తీసెయ్యి. నడుమ కామాలున్నయి. మీ మామ ఒక్కడు ముగ్గురైతడు. నీ ఎనకున్న అడ్తిదార్లందరు మల్ల ఊర్లైతరు."

కాశీనాథ్ కిందికి, అటునుంచి ఇంటికి పోయాడు. పసుపు తూకం అయ్యేంత సేపటికి తిరిగొచ్చాడు. డిగ్రీలు లేని మామ తన గుమ్మం లోపలికి రాడని, అసలు తనకే ఆ గుమ్మం కష్టంగా ఉందని చెప్పాడు. వదినె చేతిలోనే తన భోజనం ఉందన్నట్టు నిలబడ్డాడు. గది మాట ఆయనా ఎత్తలేదు, ఆమె కూడా ఎత్తలేదు. ఆమె గుడ్డలు చుట్టిన మిషన్లను ఒక్కొక్కటే విప్పింది, పట్టుచీర ముసుగు తీసింది, జిరాక్సు పుస్తకం ముందుకు జరుపుకుంది.

జవాబు చివరి పేజీలో దొరికింది. ఏ పేరుకైనా ముందొక జంట గుర్తు, వెనకొక జంట గుర్తు పెడితే, ఆ రెంటి నడుమ ఎన్ని కామాలున్నా మిషన్ ముట్టుకోదట. ఒకే చెంచాతో ఒకే గిన్నెలో పోస్తుందట. కొటేషన్లు అంటారు వాటిని. చిటికెనవేలితో నొక్కే ఆ మీటను ఆమె ఇన్నాళ్ళూ పిల్లలకు నేర్పింది, దేనికో తెలియకుండా.

మరుసటి మాఘంలో రుమాలు కట్టుడు మధ్యాహ్నం దాటింది. ఇల్లుటం వచ్చినవాళ్ళకు ఇచ్చారు కదా మాకెందుకివ్వరని ప్రతి అల్లుడూ వచ్చి మామను చెప్పుకున్నాడు. ప్రతి మామకూ ఒక బిరుదు, ఒక పదవి, ఒక కామా. ఈసారి కమలాబాయి నడుమ కాగితాలు కూడా చూసింది. కిషన్ సేటు మెట్‌పల్లి నుంచి స్వయంగా వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. తన రెండు గుర్తుల నడుమ, డిగ్రీలతో సహా, ఎవరినీ ఊరుగా మార్చకుండా వినబడ్డాడు. నా గొంతు పోయింది. భోజనాల దగ్గర అన్నం చల్లారిందని గొణిగినవాళ్ళున్నారు గాని, వాళ్ళు కూడా మామల పేర్లు విన్నాకే గొణిగారు.

సాయంత్రం చాయ్‌కి మెట్లెక్కాను. మధ్యలో ఎక్కడా ఒదగాల్సిన పని పడలేదు. పైన కొత్త పిల్లలు కొందరు కూర్చుని ఉన్నారు, కమలాబాయి స్కేలుతో బల్ల మీద తాళం వేస్తూ, కుడిచేతి మధ్యవేలు దేనికో, చివరనున్న చిటికెనవేలు దేనికో చెబుతోంది. ఇద్దరు ముగ్గురు అప్పటికే తుమ్ముతున్నారు.